రాజీనామా, మూడో ప్రతి

మందుల కంపెనీవాళ్లు ఇచ్చిన ప్యాడ్ మీద రాసినా.
పైన దగ్గుమందు సీసా బొమ్మ,
కింద నా ఉద్యోగం.

"సొంత కారణాల వలన" అని మొదలుపెట్టినా.
అందరూ అట్లే మొదలుపెడతారు.
స్ట్రెచర్ తోసే చెంగల్రాయులు పోయినప్పుడూ అదే,
ల్యాబులో ఉండిన పీలేరు పిల్ల షమీమ్ పోయినప్పుడూ అదే.
ఆ మాటల కింద ఏమేమి పండుకోనుండాయో
దుప్పటెత్తి చూసేవాళ్లు ఆఫీసులో లేరు.

చస్తామనే భయం కాదు సార్.
దాన్ని మొదటి వారంలోనే
చెప్పుల స్టాండు కాడ విడిచినా.

కొర్లగుంటలో మా ఇంటి ఓనరమ్మ
నేను డ్యూటీ దిగొచ్చే పొద్దుకు
మోటరు ఆపేస్తుంది.
ఒక్క మాట అనదు. మిద్దె మీద నుంచి నవ్వుతుంది కూడా.
నీళ్లు మాత్రం రావు.

ఏజెన్సీవాడు మూడు నెలల జీతం బాకీ.
"వస్తాది మేడం, వస్తాది" అంటాడు,
ఎండాకాలం కల్యాణి డ్యాము నీళ్ల మాదిరి.
మా ఆయనది టాక్సీ.
కొండకు జనమే లేకుంటే ఎవురిని ఎక్కిస్తాడు?
నైట్ డ్యూటీలో కిటికీలోంచి చూస్తా,
ఘాట్ రోడ్డు దీపాలు వరసగా వెలగతానే ఉంటాయి,
వాటి కింద కదిలేది ఒక్కటీ ఉండదు.
మొదటి ప్రతి ఆయనే చించినాడు.
తిట్టలేదు. చించి, ముక్కలు చేతిలో పెట్టుకోని
శానాసేపు కూర్చున్నాడు.

ఒకాయప్ప నన్ను చెంప మీద కొట్టినాడు,
వాళ్ల నాయనకు ఊపిరి అందలేదని.
ఆయన జాగాలో ఉంటే నేనూ కొట్టేదాన్నేమో.
అయితే ఆ చెంపతోనే పక్క మంచానికి పోవాల,
"ఏం కాదులే పెద్దాయనా" అనాల.
పగిలిన షీల్డుకు బదులు కొత్తది కావాలంటే
ఇండెంట్ పెట్టమన్నారు.

ఇంకొకటి ఉండాది. అది ఇంట్లో చెప్పలేదు.

ఇరవై రెండో మంచం కాడి సిలిండరు
పదకొండుకు మార్చినాము ఒక రాత్రి.
చెప్పింది డాక్టరు.
వాల్వు తిప్పింది నేను.
పదకొండు ఇంటికి పోయినాడు, దండం పెట్టి పోయినాడు.
అప్పట్నుంచి
ఇంట్లో గ్యాసు పొయ్యి
ఎడమచేత్తో తిప్పతా ఉండా.

రెండో ప్రతి చిరగలేదు, తడిసిపోయింది.
ఆ తెల్లసూట్లలో అందరమూ ఒకటే మాదిరి,
వీపు మీద మార్కరుతో పేర్లు రాసుకుంటాము.
పాకాల కుప్పమ్మకు అక్షరాలు రావు.
"కాలు ఈడ్చేదానివి నువ్వే కదమ్మే,
రవ్వంత జుట్టు దువ్విపో" అనేది.
దువ్వినా. రెండు గ్లవ్సుల్లో దువ్వెన జారతా జారతా,
చిక్కులు తీసి, జడేసి, బ్యాండేజి గుడ్డతో ముడేసినా.
బయటికొచ్చి సూటు విప్పితే
జేబులో కాగితం చెమటకు ముద్దయిపోయుండాది.
"సొంత" అనే మాట ఒక్కటి మిగిలింది.

ఇది మూడోది.
పొద్దున పదికి తీసుకపోయి ఇచ్చినా.
గుమాస్తా మొగిలప్ప కండ్లజోడు పైకి తోసుకోని
దూరంగా పట్టుకోని చదివినాడు.
"తేదీ తప్పమ్మా.
బుధవారంది ఏసినావు. ఈపొద్దు శుక్రవారం."

గురువారం?
కౌంటరు కాడ నిలబడి వెతుకుతా ఉండా.
బుధవారం రాత్రి రిలీవరు రాలేదు, అది తెలుసు.
ఎవురో ఉప్మా పొట్లం ఇచ్చినారు, తిన్నానో లేదో.
ఎవురో కండ్లు మూసినారు, ఎవురివి మూసినానో.
కుప్పమ్మ జడ...
దువ్వింది గురువారమా? ముందరి దినమా?
నేను వచ్చేటప్పుడు ఆ మంచం మీద
ఉండింది ఆమేనా?

"దిద్దిస్తావా, రేపొస్తావా?"
మొగిలప్ప పెన్ను మూత తీసి నా పక్కకు తోసినాడు.

"ఒక్క నిమిషం సార్" అన్నా.
"వార్డులో ఒకటి చూసుకోని వస్తా."