పల్లేరుకాయ

ఆగస్టు. గిరేసున్ కొండలన్నీ
హేజెల్ కాయల కోత మీద ఉన్నాయి.
బుట్ట పట్టీ కింద ఏదో ఒరుసుకుంటోందని
గులిజార్ పనిలోంచి లేచి వచ్చింది.
గోళ్ళ సందుల్లో ఇంకా పచ్చి తొక్కల మరక.

చల్లటి పలకల మధ్య రొమ్మును సర్ది
"ఊపిరి బిగపట్టు" అంది టెక్నీషియన్.
ఆవిడ బిగపట్టింది.
ఇవతల గదిలో, తెర మీద అది కనబడగానే, నేనూ.
తెల్లగా, ముళ్ళు ముళ్ళుగా,
ఎండిన చేలో అరికాలికి దిగే పల్లేరుకాయ.

ఇరవై రెండేళ్ళుగా చూస్తున్నాను ఇలాంటివి.
ముళ్ళున్నది మంచిది కాదని
నా కన్ను ఎక్కం అప్పజెప్పినట్టు చెప్పేసింది.
అల్ట్రాసౌండూ దానికే వంత పాడింది:
పదమూడు మిల్లీమీటర్లు, నల్లటి ముద్ద, వెనక పొడుగాటి నీడ.
రిపోర్టులో ఐదు వేశాను.
ఐదంటే ఏమిటని ఆవిడ అడగలేదు.
నా మొహంలో చదివేసుకుంది.

బయాప్సీ సూది టప్పుమంది, నాలుగుసార్లు.
దారప్పోగుల్లాంటి నాలుగు ముక్కలు
ఫార్మలిన్ సీసాలో బస్సెక్కి
ట్రాబ్‌జోన్ వెళ్ళాయి.

తొమ్మిది రోజులు.

పదో రోజు సాబిత్ ఫోన్లో నవ్వుతున్నాడు.
"నీ పల్లేరుకాయలో విషం లేదు.
కణాల నిండా గులాబీరంగు నూక పోసినట్టుంది.
నరానికి ఒర ఉంటుందే, అందులోంచి పుట్టింది.
ఎస్-100 రంగు పట్టిస్తే గోధుమరంగులో వెలిగిపోయింది.
గ్రాన్యులర్ సెల్ ట్యూమర్. నా సర్వీసులో మూడోది."
నాకు మొదటిది.

బొమ్మ మళ్ళీ తెరిచాను.
ఒక్క ముల్లూ తగ్గలేదు.
అదే పల్లేరుకాయ, అదే నీడ.
ఇప్పుడు చూసినా ఐదే వేస్తాను.
వేయాలి కూడా.

గులిజార్‌కి చెప్పాను: క్యాన్సర్ కాదు.
చిన్న కోత పెట్టి, చుట్టూ కాస్త మంచి భాగంతో సహా
తీసేస్తే సరిపోతుంది.
ఏడుస్తుందనుకున్నాను.
ముక్కు చీదుకుని, కిటికీలోంచి సముద్రం వైపు
చాలాసేపు చూసి, అప్పుడంది:
"డాక్టరమ్మా, ఆరు బంగారు గాజులూ
మొన్ననే మా ఆడపడుచు చేతికి తొడిగేశాను.
పోయేదాన్ని కదా అని.
ఇప్పుడు బతికానని చెప్పి
ఏ మొహంతో అడగను?"

రిపోర్టు ఇంకో కాపీ కావాలంది.
స్టాంపు స్పష్టంగా పడాలంది.
ప్రింటరు వేడెక్కేలోగా
మణికట్టు మీద ఎండ తగలని ఆ తెల్లటి చారను
బొటనవేలితో రుద్దుకుంటూ కూర్చుంది.