తలుపులో తలుపు

బర్నీ రేవులో ముప్ఫై ఏళ్లు క్రేన్ నడిపిన చేతులివి.
ఇప్పుడు వంటింటి గడియ తీయమంటే మొరాయిస్తున్నాయి.
రాత్రి రెండింటికోసారి, నాలుగింటికోసారి
డాట్ వచ్చి నా దుప్పటికి ముక్కు ఆనించి నిలబడుతుంది.
మొరగదు.
ఏదన్నా అడిగి తీసుకోవచ్చని దానికింకా తెలీదు.

హార్డ్‌వేర్ కొట్లో కాలమ్ మూడు రకాలు బల్లమీద పరిచాడు.
అయస్కాంతంది చవకే,
కానీ పక్కింటి ఫెలిసిటీ వాళ్ల పిల్లి మెళ్లోనూ అలాంటిదే ఉంది,
ఆ పిల్లికి మా ఇంట్లో చేప ఎక్కడుంటుందో కూడా తెలుసు.
రెండోదానికి మెడపట్టీకి బిళ్ల కట్టాలి.
డాట్‌ది తలకంటే మెడ లావు.
పట్టీ అన్నది దానికి జారిపోయే వస్తువు.
మూడోది చర్మం కింది చిప్‌ను చదివి మోటారుతో పైకి లేస్తుంది.
"మీ కుక్కే తాళంచెవి" అన్నాడు కాలమ్.
ధర చూసి కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశాను.
అదే ధర.

అట్టముక్క కత్తిరించి దాని భుజం దాకా కొలిచాను.
చెవి మడత లోపల పచ్చ సిరా అక్షరాలు,
పందేల వాళ్లు పొడిపించినవి.
కొలుస్తున్నంతసేపూ కదల్లేదు.
కొలిపించుకోవడం దానికి బాగా అలవాటు.

మొదటిరోజు మీట నొక్కాను.
గిర్ర్... ఠక్.
డాట్ రాయైంది.
మరుక్షణం కంచె దగ్గరుంది.
మధ్యలో ఏం జరిగిందో నా కళ్లకు అందలేదు.
పెరడంతా గాలించింది, గుడ్డతో కుట్టిన కుందేలు కోసం.
ఆ చప్పుడు దానికి తెలుసు.
ఇనుపపెట్టె మూత అలాగే లేచేది.
లేచిందంటే పరుగే, ఇంకో అర్థం లేదు.
పక్కలు అదురుతూ నిలబడిపోయింది,
పరుగయ్యాక ఎవరో వచ్చి గొలుసు తగిలించాలి కదా,
వాళ్ల కోసం చూస్తోంది.

ప్లగ్గు పీకేశాను.
రెక్క ఊడదీశాను.
వారం రోజులు అది ఉత్త కన్నం.
జలసంధి గాలంతా వంటింట్లోకే వచ్చింది,
కోటు వేసుకుని సూప్ కాచాను.
నేను గడపకి ఇవతల, బోర్లించిన బకెట్ మీద,
చేతిలో జున్నుముక్క.
అది బయట.
బయటికి పోవడం నేర్పక్కర్లేదు దానికి.
లోపలికి రావడమే నేర్పాలి.
సోమవారం ముక్కు వచ్చింది.
బుధవారం ఒక కాలు, వెంటనే వెనక్కి.
గురువారం వాన, ఇద్దరికీ సెలవు.
శనివారం మొత్తం కుక్క.

ఇక చప్పుడు మిగిలింది.
ఫోన్‌లో పట్టి, తలగడ కింద పెట్టి,
అది అన్నం తినేటప్పుడు వినిపించాను,
కూరలో ఉప్పేసినట్టు,
రోజుకో చిటికెడు ఎక్కువ.
పదిహేనోరోజు తలెత్తకుండా గిన్నె నాకేసింది.
నాకే ఏదో గొంతుకి అడ్డంపడింది.

నిన్న రాత్రి రెండింటికి అలవాటుగా మెలకువొచ్చింది.
దుప్పటి మీద ముక్కు లేదు.
వంటింట్లో గిర్ర్.
పెరట్లో మంచు గడ్డి మీద అడుగులు,
ఆ తర్వాత ఏమీ లేదు.
చాలాసేపు ఏమీ లేదు.
లేచి దీపం వేద్దామా అనుకున్నాను.
కంచె ఎత్తు ఎంతో గుర్తు తెచ్చుకున్నాను.
మళ్లీ గిర్ర్.
లినోలియం మీద తడి పాదాలు,
నాలుగూ విడివిడిగా, తీరిగ్గా.
నడక.

వచ్చి నా మోచేతికి ముక్కు ఆనించింది.
తలుపు తీయమని కాదు.
ఊరికే.