కొండవీడు, పన్నెండో కిలోమీటరు

లిఫ్టు చెడిపోయిన వారం
నాలుగంతస్తులు ఎక్కి దిగాను చూడు,
అదే నా సాధన మొత్తం.

చిలకలూరిపేట బస్సు కిటికీలోంచి
ఈ కొండ నీలంగా, మెత్తగా,
అరచెయ్యి అడ్డం పెడితే దాక్కునేది.
ఇప్పుడు మీదికొచ్చి నిలబడి
నా ఊపిరి లెక్కపెడుతోంది.

రొమ్ము మీద గుచ్చిన నంబరు రెండొందల పదకొండు.
చెమటకి చివరి ఒకటి కారిపోయింది.
ఇరవై ఒకటి!
కాగితం మీదైనా ముందుకొచ్చాను.

బురుజు దగ్గర మజ్జిగ ఇచ్చారు.
కూర్చుంటే లేవనని నిలబడే తాగాను,
సగం గడ్డం మీదుగా.
దిగుడు సులువని చెప్పినవాడెవడో
వాడి మోకాళ్లు నాకిచ్చి మాట్లాడమనండి.

సీతాఫలాల గంపతో ఒకావిడ
రబ్బరు చెప్పుల్లో నన్ను దాటిపోతూ
ఆగి, వెనక్కి తిరిగింది:
"ఎవరన్నా తరుముతున్నారా అమ్మా?"
నవ్వుదామంటే గాలి చాల్లేదు.

ఎవరూ లేరు.
దారి జెండాలు పీక్కుంటూ
ఆఖరున వచ్చే కుర్రాడు, మస్తాన్‌వలి తప్ప.
నన్ను దాటకూడదని
మలుపు మలుపుకీ వంగి
బూటు లేసు కట్టుకుంటున్నాడు,
నాకు తెలీదనుకుని.

కట్టుకో నాన్నా.
ఇంకో మలుపుందిగా.