దళవాయి వారి వాన తూకం

రేషన్ కార్డులో మా ఇంటిపేరు దళవాయి.
దళమూ లేదు, వాయీ లేదు.
చింతాద్రిపేట గుమాస్తా ఒకాయన
‘ద లవాయ్’ అని మూడుసార్లు చెప్పించుకుని
నాలుగోసారికి విసుగొచ్చి రాసిపారేసిన పేరు.

ముత్తాత ఫ్రాన్సులో ప్రభువట.
పుదుచ్చేరిలో ఓడ దిగి, ఎవరితోనో పోట్లాడి,
కూవం ఒడ్డున అద్దె ఇంట్లో తేలాడు.
కత్తిరి ఎండల్లో మఖమల్ కోటు.
గోడ గడియారానికి పారిసు టైము.
వీధిలో పాలవాడు రెండోసారి వచ్చే వేళకి
ఆయనకి మధ్యాహ్న భోజనం.

వడ్డించింది ముత్తవ్వ నాంచారమ్మ,
అద్దకం పనివాళ్ళ పిల్ల.
కొండమీద బీబీ నాంచారిది ఒక కథ,
ఈవిడది దాన్ని తిరగేసిన కథ.
ఇక్కడ పరాయివాడు దేవుడే,
అదీ కుబేరుడు కూడా అప్పివ్వని దేవుడు.

దాబా మీద ఇత్తడి గిన్నె పెట్టి
వానని పట్టి, కంసాలి త్రాసులో తూచేవాడు.
ఆ పుస్తకం నా దగ్గరుంది,
ఫ్రెంచి మాటలు, ముత్తవ్వ నేర్పిన తెలుగంకెలు.
‘తొమ్మిదో తేదీ. పద్దెనిమిది తులాలు. మొండి వాన.’
‘పదకొండు. మూడు తులాలు. కొంత పిల్లి తాగింది.’

పెద్దకొడుకు, అంటే వారసుడు,
రాయపురం ట్రాము నడిపాడు.
గంట మాత్రం దర్జాగా కొట్టేవాడట.
కూతురు క్లెమాన్స్‌ని వీధి ‘కలమంచి’ అంది.
చివరికి ఆవిడా అలాగే సంతకం పెట్టింది.

ఓసారి లక్క ముద్రతో ఉత్తరం:
అన్న పోయాడు, కోట నీది, వెంటనే రా.
చదివి, గడియారం చూసి,
‘అక్కడిప్పుడు అందరూ నిద్రలో ఉంటారు’ అన్నాడు.
మర్నాడూ అదే మాట.
మూడ్రోజులు చూసి ముత్తవ్వ
ఆ లక్క కరిగించి
కిరసనాయిలు డబ్బా చిల్లు పూడ్చింది.
ఏడ్చిందో నవ్విందో చెప్పేవాళ్ళు లేరు.

ఆవిడ పోయిన రోజు పేజీలో
తేదీ ఉంది. వాన పడిందని ఉంది.
తూకం లేదు.
ఆ రాత్రే స్టూలెక్కి
గడియారం ముల్లు
ఐదు గంటల పన్నెండు నిమిషాలు ముందుకి తిప్పాడట.
కింద ట్రాము డ్రైవరు స్టూలు పట్టుకుని నిలబడ్డాడు.

మొన్న తుపానుకి కూవం మా మెట్లెక్కింది.
నేనూ దాబా మీద స్టీలు గిన్నె పెట్టాను,
ఎందుకో అడక్కండి.
త్రాసు ఎప్పుడో అమ్మేశారు.
మూలకొట్టు కుర్రాడి దగ్గరికి
తొణక్కుండా పట్టుకెళ్ళి తూచమన్నాను.

వాడు నన్నూ చూశాడు, నీళ్ళనీ చూశాడు.
‘గిన్నె బరువు తీసెయ్యాలా అక్కా?’ అన్నాడు.