నాలుగు సెంటీమీటర్లు

జిల్లా పేజీలు ఆగిపోయిన నెలకి
లాకుల పక్క రేకుల షెడ్డులో మీటింగు పెట్టాం.
కరపత్రాలు నేనే రాశాను,
గ్రంథాలయంలో చిరిగిన అట్టల వెనక:
"మన ఊరి వార్త ఇక ఎవరు రాయాలి?"
కింద చిన్నక్షరాలతో, టీ ఉంటుంది.

మొదటి ఆదివారం నలుగురొచ్చారు.
ఒకాయన టీకే వచ్చానని ఒప్పుకున్నాడు.
రెండో ఆదివారం పదిహేడు మంది.
కుర్చీలు చాలక
కొబ్బరిపీచు మోపుల మీద కూర్చున్నారు.

దింపు తీసే అబ్బులు ముందు లేచాడు:
"అంబాజీపేటలో కాయ రేటెంతో
నాకు చెట్టు దిగాక తెలుస్తోందండి.
ఎక్కేముందు తెలియాలి."
మీరాబీ అంది: "బియ్యం బండి ఏ సందులోకి రాలేదో రాయండి.
వచ్చిన సందుకి ఫొటోలు దిగనే దిగారు."

డిగ్రీ చదివే కుర్రాడు ఫోనెత్తి చూపించాడు.
"అన్నీ ఇందులో వస్తున్నాయి కదా మేడం.
మొన్న ఏటిగట్టు తెగిందని వెంటనే వచ్చింది."
గట్టు తెగలేదు.
ఆ రాత్రి పల్లపు వీధి వాళ్లు
బియ్యం మూటలూ మేకపిల్లలూ మోసుకుని
హైస్కూలు మేడెక్కి
తెల్లారేదాకా పొడినేలకేసి చూశారు.
వాళ్లలో కుర్రాడి నాయనమ్మ కూడా ఉంది.
ఫోను జేబులో పెట్టేశాడు.

ఏసుపాదం గోడకి చేరబడి వింటున్నాడు.
ఇరవై రెండేళ్లు కంట్రిబ్యూటరు.
వార్తకి సెంటీమీటరు లెక్కన డబ్బు,
పంద్రాగస్టుకి ప్రకటనల టార్గెట్టు.
"చెరువులోళ్ల దగ్గర యాడ్ తెచ్చుకుని
వాళ్ల గట్టు పక్క బావి ఉప్పబడిందని ఎలా రాయమంటారు?
రాశాను కూడాను, ఒకసారి.
'కొన్నిచోట్ల' అని రాశాను."
ఎవరో నవ్వారు. ఆయనా నవ్వాడు, కాస్త ఆలస్యంగా.

అప్పుడు లేచింది నూకరత్నం.
పీచుమిల్లులో పని, జడలో ఇంకా పీచు ముక్క.
"మా ఆయన దిగువ రేవులో తేలిన్నాడు
పేపర్లో ఏం వేశారో గుర్తుందా?
గుర్తు తెలియని మృతదేహం. నీలం గళ్ల లుంగీ.
ఏసుబాబూ, ఆ లుంగీ నీకు తెలీదా?
పంటు మీదకి రోజూ నీ బండి ఎక్కించింది ఎవరు?
నువ్వు రేవుకి రాలేదు.
స్టేషన్‌కి ఫోను చేశావు."

లాకు తలుపుల సందులోంచి
నీళ్లు కారుతున్న చప్పుడు
అంతసేపూ ఉందని అప్పుడే తెలిసింది.

"నాలుగు సెంటీమీటర్లు వచ్చింది," అన్నాడు ఏసుపాదం.
ఇంకేం అనలేదు.
క్షమించమనీ అనలేదు. ఆమె అనమనీ అడగలేదు.

లస్కరు చినవీర్రాజు లోపలికెళ్లి
తన రిజిస్టరు తెచ్చి బల్ల మీద పెట్టాడు.
గంట గంటకీ నీటిమట్టం, ముప్ఫయ్యేళ్లుగా.
"చూడకుండా అంకె వెయ్యలేదమ్మా.
ఒక్కసారి వేశాను, గాలివాన రాత్రి, గొడుగు లేక.
ఆ పేజీ ఎక్కడుందో
దీపం లేకుండా తీసిస్తాను."

ఆ రోజు పెద్దగా ఏమీ తేల్చలేదు.
పక్షానికో కాగితం, రెండు వైపులా.
జిరాక్సు ఖర్చు దగ్గర గంటసేపు గొడవ.
చెరువులోళ్ల డబ్బు ముట్టాలా వద్దా అన్నది
వచ్చే ఆదివారానికి వాయిదా.
ఆపై ఆదివారానికీ వాయిదా పడుతుంది, నాకు తెలుసు.
పేరూ కుదరలేదు.
"గోదావరి" అని మొదలయ్యేవి ఆరొచ్చాయి,
ఆరూ కొట్టేశాం.

నూకరత్నం మాత్రం చెప్పులేసుకుంటూ
ఒక షరతు పెట్టి పోయింది:
ఎవరు పోయినా సరే
రేవుదాకా నడిచి వెళ్లి రాయాలి.

ఈ తెల్లవారుజామున మొదటి పంటు మీద
ఏసుపాదం నా పక్కనే నిలబడ్డాడు.
ఆయన బండి హ్యాండిలు పట్టుకుని
ఎవరో కొత్త కుర్రాడు, సన్నగా, నిద్రమొహంతో.
"నీ పేరేంటి బాబూ?"
ఇంజను చప్పుడులో వాడికి వినబడలేదు.
ఏసుపాదం వంగి
మళ్లీ అడిగాడు.