యాభైమూడో వారం

ఒప్పందం పదకొండో అంశంలో నేనున్నాను.
పేరు లేదు. "ఓడలో ఉన్నంతసేపు
క్యాంటీన్ ఆవిడ కనిపెట్టుకుని ఉంటుంది" అని ఒక్క ముక్క.
సంతకం పెట్టమని నన్నెవరూ అడగలేదు.
అడిగితే పెట్టేదాన్నే.

సోమవారం మూడూ నలభైకి ఓస్‌హిల్ ఈ రేవులో ఎక్కిస్తుంది,
నాలుగూ అయిదుకి తోర్గేర్ ఆ రేవులో దించుకుంటాడు.
మధ్యన ఫియోర్డు. ఇరవై అయిదు నిమిషాలు.
ఎనిమిదేళ్ళ ఎస్కిల్, వీపు మీద వాడంత సంచి.
పై సోమవారం అటునుంచి ఇటు.

కాగితం నాకోసారి చూపించాడు,
నాలుగు మడతలు పెట్టి పెన్సిళ్ళ పెట్టె అడుగున దాచుకున్నాడు.
సరి వారాలు నాన్నవి, బేసి వారాలు అమ్మవి.
పాస్‌పోర్టు అమ్మ దగ్గర.
స్కీలు ఎక్కడ మంచు పడితే అక్కడ.
పళ్ళ డాక్టరు బిల్లు చెరిసగం.
పిల్లి మాత్రం కదలదు.
"పిల్లి సంగతి నన్నే అడిగారు" అన్నాడు గొప్పగా.
ఇంకేం అడిగారన్నాను.
స్వేలె కొరికాడు. మా ఓడల్లో అమ్మే మందపాటి తీపి అట్టు అది,
నోటినిండా ఉంటే జవాబు చెప్పక్కర్లేదు.

నా చిన్నప్పుడు ఇన్ని కాగితాల్లేవు.
మా నాన్న ఆదివారం వస్తే వచ్చేవాడు, లేకపోతే లేదు.
కిటికీ దగ్గర కూచోడమే నా వంతు.
కాబట్టి వీడి కాగితాన్ని చూసి నవ్వను.
కాస్త కుళ్ళుకుంటాను కూడా.

ఏడాదికి యాభైరెండు వారాలే అనుకుంటాం గదా,
అయిదారేళ్ళకోసారి కేలండరు
ఒక వారాన్ని అదనంగా మోసుకొస్తుంది.
యాభైమూడు బేసి.
దాని భుజానికి భుజం ఆనించి కొత్త ఏడు ఒకటో వారం.
అదీ బేసే.

అమ్మ వంతులు లెక్కపెట్టి పంపింది.
నాన్న అక్షరం చదువుకుని ఇంట్లో ఉన్నాడు.
ఇద్దరిలో ఎవరిదీ తప్పు కాదు,
రేవులో మాత్రం ఎవరూ లేరు.

ఓడ నోరు తెరిచింది, కార్లు వెళ్ళిపోయాయి,
దీపం కింద మంచు ఏటవాలుగా పడుతోంది.
వాడు ఇనప పలక చివర నిలబడి చూశాడు చాలాసేపు.
"ఇది ఎవరి వారం?"
ఓడది, అన్నాను. నవ్వుతాడనుకున్నాను.
"అయితే పడుకునేముందు పళ్ళు తోమించాల్సింది నువ్వే" అన్నాడు.

ఫోన్లు చేశాను. ఓడ ఎవరికోసమూ ఆగదు, తిరిగింది.
ఆ రేవులో ఆమె పరుగున ఎక్కింది, కాళ్ళకి ఇంట్లో వేసుకునే చెప్పులు.
మళ్ళీ ఈవలికొస్తే అతను,
దిగేవాళ్ళు దిగకముందే తోసుకుంటూ లోపలికి.
నేలకి బిగించిన బల్ల దగ్గర ముగ్గురూ,
విడిపోయాక ఇదే మొదటిసారి అనుకుంటా.
గొంతు తగ్గించి పోట్లాడుకున్నారు,
కాఫీకి డబ్బులు విడివిడిగా ఇచ్చారు.

"మళ్ళీ యాభైమూడు ఎప్పుడొస్తుంది?" అన్నాడు వాడు.
తోర్గేర్ ఫోనులో వెతికాడు. ఆరేళ్ళకి.
"నాకప్పుడు పద్నాలుగు.
పన్నెండు దాటితే నా మాటకి బరువెక్కువట,
ఆ సలహా ఆఫీసులో ఆవిడ చెప్పింది."
అని ఉప్పు డబ్బా ఎత్తి చూసి, దించాడు.

ఓస్‌హిల్ కిటికీలోకి చూసింది.
అక్కడ చీకటి తప్ప ఏమీ కనపడదు,
లోపలున్న మనమే కనపడతాం.
తోర్గేర్ వాడి చేతి తొడుగులు సరిచేశాడు.
ఒకటి ఎరుపు, ఒకటి నీలం, రెండిళ్ళవీ చెరొకటి.
జతలు మార్చమని ఇద్దరిలో ఎవరూ అనలేదు.

తర్వాత ఏ రేవులో దిగారు,
ఎవరి వెనక ఎవరు నడిచారు,
సంచి ఎవరు పట్టుకున్నారు, అని మావాళ్ళు అడుగుతారు.
నేను ప్లేట్లు తీస్తున్నాను.
నా అంశం పదకొండు.
ఓడలో ఉన్నంతసేపే.