పలుపు

మక్తల్ శాఖా గ్రంథాలయానికి
శుక్రవారం సెలవు.
తాళంచెవి నా దగ్గరే ఉంటది కాబట్టి
ఆ దినం నేనూ, కుర్మమ్మ చిన్నమ్మా
బ్రెజిల్ పోతాం.

పోయినేడు ఎవరో రిటైరైన ఇంజనీరు
మూడు అట్టపెట్టెల పుస్తకాలు దించిపోయిండు.
అడుగుపెట్టెలో ఇది.
అట్ట లేదు. మొదటి పుటను చెదలు
అంచునుంచి లోపలికి చదువుకుంటూ పోయినయి,
రచయిత్రి పేరు దాకా వచ్చి
కడుపు నిండినట్టుంది.
మిగిలింది ముందుమాటలో సగం:

ఇరవై ఏండ్లకే రాసిందట.
తండ్రి పశువుల లెక్కపుస్తకంలో
చచ్చినవాటి పేర్లు కొట్టేసిన పుటల వెనక.
వాన పడని ఏడు గనక
తెల్లకాగితానికి కరువు రాలేదట.
అచ్చయినంక పట్నపు పెద్దమనుషులు
ఇది ఆడపిల్ల రాత కాదు,
పేరు చాటున ఎవడో ముసలాయన ఉన్నడన్నరట.
వాళ్ళే ఇంకొన్నేండ్లకు
మెడలో పతకం వేసి పక్కన కుర్చీ వేసిన్రు.
బరువుందా అని ఎవరో అడిగితే
కడివెడు నీళ్ళంత లేదు అన్నదట.
ఆ కిందిది చెదలపాలు.

చిన్నమ్మ పదకొండుసార్లు బొంబాయి బస్సెక్కిన మనిషి.
గుంపు మేస్త్రి అడ్వాన్సు తీరేదాకా
బాంద్రాలో ఏ మేడకు ఎన్ని తట్టలు మోసిందో
ఇప్పటికీ లెక్క చెప్తది. అక్షరం రాదు.
నేను డిక్షనరీ పక్కన పెట్టుకుని
ఇంగ్లీషును తెలుగులోకి కూలగొడుతుంటే
పల్లికాయ ఒలుచుకుంటూ వింటది.
"ఈ పల్లీ కూడా వాళ్ళ దిక్కునుంచే వచ్చిందట."
"వచ్చేటప్పుడు జెరన్ని నీళ్ళు తేకపాయె."

కథలో మూడేండ్ల కరువు.
ముండ్లు కాల్చి జెముడు మేపుతున్నరు.
సర్కారు కంచె కట్టి లోపల గంజి పోస్తున్నది,
బయటికి పోనియ్యదు.
"మా గంజికేంద్రానికి కంచె లేకుండె," అంటది చిన్నమ్మ,
"పోయెటందుకు కాళ్ళే లేకుండె."

నూట పన్నెండో పుట.
ఆమె ఆవును అమ్ముతది.
కొన్నోడు తోలుకపోతడు.
గడపలో నిలబడి ఏడుస్తది.

చిన్నమ్మ చెయ్యి ఆగింది.
"పలుపు?"
ఏం పలుపు?
"మెడ పలుపు ఇచ్చిందా, ఇప్పుకున్నదా?"
రాయలే చిన్నమ్మా.
"అయితే కరువును మిద్దె మీదికెల్లి సూసింది.
గొడ్డును అమ్మంగ ఏడుపు రాదు బిడ్డా,
పైసలు లెక్కవెట్టుకునే పనుంటది.
ఒట్టి పలుపు పట్టుకోని ఇంటికొచ్చి
యాడ తగిలియ్యాల్నో తెల్వక నిలవడితే
అప్పుడు."

మూడు శుక్రవారాలు రాలేదు.
నేనొక్కదాన్నే తెరవబుద్ధి కాలేదు.

నాలుగోవారం గడపలోంచే అడిగింది:
"ఆ మనిషి పట్నం చేరిందా, లేదా?"

నూట నలభై ఏడు. నడుస్తున్నరు.
చిన్నోడు వెనకపడుతున్నడు.
తల్లి తన నడుముకున్న తాడు విప్పి
ఒక కొస వాని నడుముకు కట్టింది.
తాడుకు ఇంకా ఆవు వాసన ఉన్నదని రాసింది.
అంతే. తర్వాతి పేరా వేరే సంగతి.

చిన్నమ్మ ఒడిలో పొట్టు దులుపుకున్నది.
"ఇంకోపారి సదువు."
చదివిన.
"తెల్సు ఆమెకు," అన్నది.
"దాసిపెట్టింది, గంతే."

నెలాఖరుకు ఆడిట్.
రిజిస్టర్లో రచయిత గడి ఖాళీ ఉండొద్దు.
ఏమని రాయను?
"పలుపు ఇయ్యనామె."

పెన్సిల్‌తో రాసిన,
పెద్దసారు అరిస్తే చెరపొచ్చని.
ఇంకా ఎనభై పుటలున్నయి.
నేను పుట మూల మడవబోతే
వద్దని చెయ్యి పట్టుకుని
పల్లిపొట్టు ఒకటి నడుమ పెట్టి
చిన్నమ్మే మూసింది.